పోర్ట్‌ఫోలియో షూట్‌లో చెప్పకుండా తీసిన క్యాండిడ్ ఫొటో ఎవరిది?

తిరుచానూరు లెన్స్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. పెళ్ళిళ్ళకు క్యాండిడ్, అంటే పోజు పెట్టించకుండా సహజంగా ఉన్నప్పుడు తీసే ఫొటోలు, తీస్తాను. రెండేళ్ళుగా మోడలింగ్‌లోకి వెళ్ళాలనుకునే పిల్లలకు పోర్ట్‌ఫోలియోలు (అవకాశాల కోసం చూపించుకునే ఫొటోల సెట్లు) కూడా చేస్తున్నాను. ఒక విషయం మనసులో నలుగుతోంది, మీ మాట కావాలి.

పోయిన నెల చంద్రగిరి కోటలో ఒక అమ్మాయికి షూట్ చేశాను. వయసు 21. నాలుగు వేలు, మూడు డ్రెస్సులు, 30 ఎడిట్ చేసిన ఫొటోలు అని మాట్లాడుకున్నాం. రాజమహల్ ముందు గంటన్నర పోజులు పెట్టించాను. ఒక్కటీ నాకు తృప్తినివ్వలేదు. భుజాలు బిగించి, గడ్డం ఎత్తి, తను కాని ఇంకెవరిలాగో నిలబడింది. బ్రేక్ ఇచ్చాక పచ్చికలో కూర్చుని హీల్స్ విప్పి, మడమ మీద లేచిన బొబ్బను చూసుకుంటోంది. సాయంత్రం ఎండ మహల్ గోడకు కొట్టి, అక్కణ్ణుంచి మెత్తగా ఆమె ముఖం మీదికి వస్తోంది. నేను దూరంగా ఉన్నాను. దూరం నుంచే ముఖాన్ని దగ్గరగా చూపించే 85 లెన్స్ ఉంది, చప్పుడు రాని సైలెంట్ షట్టర్‌లో ఎనిమిది ఫ్రేములు తీశాను. ఆమెకు తెలియదు. ఆ రోజంతా కలిపి నేను తీసిన ఫొటో అదొక్కటే అనిపించింది.

రాత్రికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. తెల్లారేసరికి ఫోన్. "అన్నా, పోజు ఫొటోలు ఎన్నైనా పెట్టుకోండి, ఇది మాత్రం తీసెయ్యండి" అంది. గొంతు వణుకుతోంది. వెంటనే తీసేశాను. కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. ముందే చెప్తే ఆ ముఖం దొరకదు కదా. చెప్పకుండా తీయడం క్యాండిడ్ ప్రాణం. ఇందులో నా తప్పు ఎక్కడుంది?

తలకోన నీడ

మీ తప్పు లేదన్నా. ఆ ఫొటో తీసేసి ఉండాల్సింది కాదు. క్యాండిడ్ పుట్టిందే అలా. జర్మనీలో ఎరిక్ జాలమోన్ అనే ఫొటోగ్రాఫర్ 1920ల చివర్లో టోపీలో కెమెరా దాచి కోర్టు గదిలో ఫొటోలు తీశాడు. 1925లో లైకా కెమెరా అమ్మకానికి వచ్చాక చేతిలో పట్టేంత కెమెరాతో మనుషుల మధ్య తిరుగుతూ తీయడం సాధ్యమైంది. వాళ్ళంతా ఒక్కొక్కర్ని అడిగి తీసి ఉంటే ఈరోజు మనకు చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

ఇంకో మాట. మోడల్ అవ్వాలనుకునే అమ్మాయి కెమెరాకు భయపడితే ఎట్లా? రేపు ర్యాంప్ వెనక మేకప్ గదిలో కూడా కెమెరాలు ఉంటాయి. వాళ్ళు ఎంచుకున్న వృత్తి అదే.

పాత స్టూడియో

బాబూ, జాలమోన్ తీసింది మంత్రుల్ని, రాయబారుల్ని, జడ్జీల్ని. దేశాలను నడిపేవాళ్ళు ఏమరుపాటుగా ఉన్నప్పుడు జనం చూడటంలో ఒక అర్థం ఉంది. నాలుగు వేలు కూడబెట్టుకుని మన దగ్గరికి వచ్చిన పిల్ల, బొబ్బ చూసుకుంటుంటే ఊరంతా చూడాల్సిన అవసరం ఏముంది?

నేను 1980ల నుంచి ఈ జిల్లాలో స్టూడియో నడిపాను. మోడలింగ్ అనే మాట అప్పుడు ఇక్కడ లేదు. ఆడపిల్లలు స్టూడియో మెట్లెక్కేది పెళ్ళిచూపుల ఫొటో కోసం. వెనక రంగులు వేసిన పరదా, పక్కన స్టూలు, చేతిలో ప్లాస్టిక్ పూలు. నాన్న తోడు వచ్చేవాడు. డబ్బు కట్టి, ఫొటోలు లెక్కపెట్టుకుని, చివరికి "నెగటివ్ కూడా ఇచ్చెయ్యండి" అనేవాడు. మొదట్లో నాకు కోపం వచ్చేది. నన్ను దొంగలా చూస్తున్నారనుకునేవాణ్ణి.

ఒకసారి ఒక అమ్మాయి ఫొటో చాలా బాగా కుదిరింది. పోజు అయిపోయింది, లైటు ఆపబోతున్నాను, ఆమె తమ్ముడు ఏదో అంటే పకపకా నవ్వింది. రోల్‌లో ఒక్క ఫ్రేమ్ మిగిలి ఉంటే నొక్కేశాను. 36 ఫ్రేములకు లెక్క చూసుకునే రోజులు, ఊరికే నొక్కేవాళ్ళం కాదు. పెద్ద సైజు ప్రింటు వేసి, ఫ్రేమ్ కట్టి షోకేసులో పెట్టాను. నెల తిరక్కుండా పిల్ల తండ్రి వచ్చాడు. అరవలేదు. షోకేసు అద్దం ముందు నిలబడి, "ఈ దారిన పోయే ప్రతివాడూ ఆగి చూస్తున్నాడు సార్" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అతని ముందే ఫ్రేమ్ విప్పి, ప్రింటూ నెగటివూ కవర్లో పెట్టి ఇచ్చాను.

ఇప్పుడు మీ పేజీయే షోకేసు. నా షోకేసు ముందు రోజుకు వందమంది నడిచేవాళ్ళు. మీదాని ముందు ఎంతమందో మీకే తెలియదు. ఫొటో తీసినందుకు నిన్ను తప్పు పట్టను తిరుచానూరు బాబూ. నేనైనా తీసేవాణ్ణే. రాత్రికి రాత్రి షోకేసులో పెట్టావు చూడు, అక్కడ తొందరపడ్డావు.

పుత్తూరు అమ్మాయి

నేను మోడలింగ్ ప్రయత్నిస్తున్నదాన్నే. నాకు 23. ఇక్కడ అందరూ ఆ అమ్మాయి గురించి మాట్లాడుతున్నారు, అలాంటి అమ్మాయిని కాబట్టి నేనూ చెప్తాను.

నా మొదటి పోర్ట్‌ఫోలియోకు ఎనిమిది వేలు పెట్టాను. స్టూడియో పేరు వద్దు. ఫొటోలు వచ్చాక అమ్మ నన్ను గుర్తుపట్టడానికి ఒక క్షణం ఆగింది. నాది చామనఛాయ. అడక్కుండానే రెండు షేడ్లు తెల్లగా చేసేశారు, ముక్కు సన్నం చేశారు. వాటిని చెన్నైలో ఒక మోడలింగ్ ఏజెన్సీకి పంపితే, ఇవి కాదు, డిజిటల్స్ పంపమన్నారు. అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టి, సాదా టీషర్టూ జీన్సూ వేసుకుని, కిటికీ పక్కన మామూలు వెలుతురులో ముందు నుంచి, పక్క నుంచి, నిలువెత్తున తీసిన ఫొటోలు. మా అన్న ఫోన్‌తో పది నిమిషాల్లో తీశాడు. ఎనిమిది వేల పని అదన్నమాట! ఈ ఊళ్ళో పోర్ట్‌ఫోలియో చేసేవాళ్ళు ఈ సంగతి ముందే చెప్తే ఎంతమంది డబ్బు మిగులుతుందో.

కాబట్టి క్యాండిడ్ మీద నాకు గౌరవమే. నన్ను నన్నుగా చూపించింది క్యాండిడ్డే. ఎస్‌వీ యూనివర్సిటీలో చెట్ల కింద ఒక అక్క నన్ను తీసింది. గంటసేపు ఏదేదో మాట్లాడిస్తూనే ఉంది, కెమెరా చేతిలోనే ఉంది, ఎప్పుడు నొక్కిందో నాకు గుర్తు లేదు. ఇంటికి వెళ్ళేముందు స్క్రీన్ మీద అన్నీ చూపించి "ఏవి వద్దు?" అని అడిగింది. నాలుగు తీసేయమన్నాను, నా ముందే డిలీట్ చేసింది. మిగిలిన వాటిలో ఒకటి చూసే ఒక చీరల షాపు వాళ్ళు నన్ను పిలిచారు.

తలకోన నీడ గారూ, మేకప్ గదిలో కెమెరా ఉంటుందని అక్కడికి వెళ్ళే మోడల్‌కు ముందే తెలుసు. బ్రేక్ అంటే ఆ అమ్మాయి కెమెరా ఆగిందని నమ్మింది. మోడల్ అవుతానన్నంత మాత్రాన నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా నా ముఖం అందరిదీ అయిపోతుందా?

తలకోన నీడ

అమ్మా, మీరు చెప్పిన అక్క మంచి పని చేసింది, కాదనను. అయినా చూపించి అడిగితే జరిగేదేమిటో నాకు తెలుసు. బాగా వచ్చినవే తీసేయమంటారు. ఎవరికీ తమ ముఖం నిజంగా ఎలా ఉంటుందో నచ్చదు. బుగ్గలు లావుగా ఉన్నాయంటారు, నవ్వితే చిగుళ్ళు కనపడుతున్నాయంటారు. చివరికి మిగిలేవి అందరి దగ్గరా ఉండే ఫొటోలే. "అటు నడుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి నవ్వు" అని చెప్పి తీసి, దానికి క్యాండిడ్ అని పేరు పెట్టి పెళ్ళి ప్యాకేజీల్లో అమ్ముకుంటున్నాం. దానికంటే తిరుచానూరు అన్న తీసిందే నిజాయితీ ఉన్న పని.

లా మూడో ఏడాది

చట్టం వరకు చెప్తాను. నేను ఇంకా లాయర్ని కాదు.

చాలామంది ఫొటోగ్రాఫర్లు "తీసింది నేను, నాదే" అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా అంతే. అయితే ఒకరు డబ్బిచ్చి తమ కోసం తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు డబ్బిచ్చినవాళ్ళది. పాత స్టూడియో పెద్దాయన దగ్గర నెగటివ్ అడిగిన నాన్నలు ఊరికే అడగలేదు! బ్రేక్‌లో తీసింది ఆ నాలుగు వేల పని కిందికి వస్తుందా, రాదా అన్నది వాదించుకోవాల్సిన విషయం. డబ్బు చేతులు మారని షూట్‌లో లెక్క ఇంత సూటిగా ఉండదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. తన రూపాన్ని, పేరును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోకుండా ఆపగలిగే వీలు మనిషికి ఉండాలని జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ అందులో రాశారు. ఫొటోగ్రాఫర్ పేజీ వ్యాపారమే కదా. ఇంటర్ చదివే పిల్లలు కూడా షూట్లకు వస్తున్నారు. 18 నిండనివాళ్ళ సంతకం ఒప్పందంగా చెల్లదు, అమ్మానాన్నలు ఉండాల్సిందే.

తలకోన నీడ

చట్టం పేరుతో షూట్‌కు ముందే అనుమతి కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటే, ఆ నిమిషం నుంచే ఆ పిల్ల టెన్షన్ పడుతుంది. నేను దీనికి ఒప్పుకోలేను.

పాత స్టూడియో

సంతకం సంగతి పక్కన పెట్టు. పాత కెమెరా నొక్కితే టక్కుమనేది. అడక్కపోయినా, తీశామని ఆ చప్పుడే చెప్పేది. వాళ్ళు తల తిప్పి మనవైపు చూసేవాళ్ళు. నవ్వేవాళ్ళో, ముఖం చిట్లించేవాళ్ళో, వాళ్ళ జవాబు అక్కడే దొరికేది. ఇప్పటి కెమెరాలో ఆ చప్పుడు కూడా లేదు. చప్పుడు పోయింది కాబట్టి ఆ పని మన నోరు చేయాలి. 35 లెన్స్ పెట్టుకుని దగ్గర కూర్చో. ఆమెకు నువ్వున్నావని తెలుస్తుంది, పది నిమిషాలకు మర్చిపోతుంది. మర్చిపోవడం వేరు, తెలియకపోవడం వేరు.

తలకోన నీడ

35తో దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై, ముఖం ఆకారమే మారిపోతుంది పెద్దాయనా.

పాత స్టూడియో

ముఖం ఒక్కటే నింపాలని మరీ మీదికి వెళ్తే మారుతుంది. నడుము దాకా తీయి, చుట్టూ ఉన్న గోడా ఎండా కూడా రానీ, ఏమీ కాదు. మరీ కావాలంటే 50 పెట్టుకో.

తిరుచానూరు లెన్స్

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు కృతజ్ఞతలు. మర్చిపోవడం వేరు, తెలియకపోవడం వేరు అన్న పెద్దాయన మాట రెండుసార్లు చదివాను. నేను 85తో దూరంగా నిలబడింది లైటు కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె చూస్తే ఆపమంటుందని నాకు లోపల తెలుసు.

నిన్న సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. ఎనిమిది ఫ్రేములూ పంపాను, ఒరిజినల్ ఫైళ్ళతో సహా, ఏం చేయమంటే అది చేస్తానన్నాను. చూసి చాలాసేపటికి జవాబు పెట్టింది. ఆరోది ఉంచమంది, పేజీలో కాదు, తన దగ్గర. మిగిలిన ఏడూ డిలీట్ చేశాను. తలకోన తమ్ముడూ, నువ్వన్నట్టే అన్నిటికంటే బాగా వచ్చిన రెండోది కూడా అందులో పోయింది. బాధగానే ఉంది, దాచను.

ఆదివారం పొద్దున కపిలతీర్థం దగ్గర ఇంకో అబ్బాయికి షూట్ ఉంది. 85 ఇంట్లో పెట్టి 50 ఒక్కటే తీసుకెళ్తున్నాను. బ్రేక్‌లో కూడా తీస్తుంటానని, వెళ్ళేముందు అన్నీ చూపిస్తానని నిన్ననే చెప్పాను. "సరే అన్నా" అన్నాడు. పుత్తూరు అమ్మాయి గారూ, మిమ్మల్ని తీసిన ఆ అక్క గంటసేపు ఏం మాట్లాడిందో కాస్త చెప్తారా? నాకు మాటలు తక్కువ.

పుత్తూరు అమ్మాయి

మా ఊరి గురించి అడిగింది. మా నాన్న మగ్గం గురించి అడిగింది. చీర ఎన్ని రోజులకు దిగుతుంది, పండక్కి మీ ఇంట్లో ఏం వండుతారు, అలాంటివే. నేను చెప్తుంటే నిజంగా వినేది అన్నా.