జైపాల్ సింగ్ ముండా 1963 విలీనం: లొంగుబాటా, గత్యంతరం లేని నిర్ణయమా?

పాలమూరు మాస్టారు:
రాజ్యాంగ సభలో ఆదివాసుల పక్షాన అంత నిక్కచ్చిగా మాట్లాడిన మనిషిని, 1963లో తన జార్ఖండ్ పార్టీని కాంగ్రెస్‌లో కలిపారన్న ఒక్క కారణంతో కొట్టిపారేయడం అన్యాయం. 1952లో బీహార్ శాసనసభలో 32 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచిన ఆ పార్టీ 1962 నాటికి 20కి పడిపోయింది. ఈలోగా 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఆ పార్టీ అడిగిన ప్రత్యేక జార్ఖండ్ రాష్ట్రం కోరికను తోసిపుచ్చింది. పట్నాలోనూ ఢిల్లీలోనూ ఒకే పార్టీ ఏలుతున్న రోజుల్లో బయట ఉండి ఆయన ఇంకేమి సాధించగలిగేవారో విమర్శకులు చెప్పాలి.

గోల్‌పోస్ట్:
1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ జట్టు సారథి ఆయనే, ఫైనల్ నాటికి మైదానంలో లేనిదీ ఆయనే. బ్రిటిష్ కాలపు పెద్ద ప్రభుత్వోద్యోగం ఐసీఎస్‌ను కూడా మధ్యలోనే వదిలేశారు. ఆదివాసులు ఎక్కువగా ఉన్న ఖర్సవాన్ సంస్థానాన్ని ఒడిశాలో కలపవద్దంటూ 1948 జనవరి 1న వేలమంది ఆయన కోసం ఎదురుచూస్తుంటే ఆయన రాలేదు, పోలీసుల తూటాలు వచ్చాయి. విలీనం ఆ వరుసలో నాలుగోది.

పాలమూరు మాస్టారు:
ఒలింపిక్స్‌కు వెళ్లినందుకు శిక్షగా శిక్షణను మరో ఏడాది పొడిగిస్తామంటే ఒప్పుకోక ఐసీఎస్‌ను వదులుకున్నారు. దాన్ని ఆత్మాభిమానం అంటారు. ఖర్సవాన్ కాల్పులకు జవాబు చెప్పవలసింది కాల్చినవారు.

గోల్‌పోస్ట్:
కాల్పులు ఆయన జరిపించారని నేను అనలేదు. ఫైనల్ ఎందుకు ఆడలేదన్న ప్రశ్నకు మాత్రం మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

నల్లమల:
హాకీని దయచేసి పక్కన పెట్టండి.

మన్యంగాలి:
మా ఏజెన్సీలో రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన ఒకాయన, పోడు పట్టాలు ఇప్పిస్తానని మా గూడెంలో అందరి ముందూ మాట ఇచ్చి, గెలవగానే అధికార పక్షంలో చేరిపోయారు. అదీ మా పనుల కోసమేనట. మా నాన్న పెట్టుకున్న దరఖాస్తు ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి లోపల ఉంటేనే పనులవుతాయన్న వాదన వినగానే నాకు ఒళ్లు మండుతుంది. జైపాల్ సింగ్ గారికి దక్కిన మంత్రి పదవి కూడా ఎంతోకాలం నిలవలేదు, రాష్ట్రం 2000 నవంబరు 15 దాకా రాలేదు.

పాలమూరు మాస్టారు:
మీ బాధ అర్థమైంది, కానీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న నాయకుణ్ణి ఒక ఫిరాయింపు ఎమ్మెల్యేతో పోల్చడం పద్ధతి కాదు. 1971లో తెలంగాణలో 14 లోక్‌సభ స్థానాలకు 10 గెలిచిన, ప్రత్యేక తెలంగాణ కోరిన ప్రజా సమితిని చెన్నారెడ్డి గారు అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిపారు. ఆయన్ను మనం ఈపాటికి క్షమించలేదా?

మన్యంగాలి:
ఆక్స్‌ఫర్డ్ పేరు చెప్పి మా గూడేన్ని తక్కువ చేయకండి మాస్టారూ. చెన్నారెడ్డి గారిని మీరు క్షమించగలిగారంటే, ఆ తరువాత కూడా మీ ప్రాంతపు పెద్దలకు కాంగ్రెస్‌లో ముఖ్యమంత్రి కుర్చీ దాకా దారి ఉండబట్టి. అక్కడి ఆదివాసీ తెగలైన ముండాలకూ ఉరావ్‌లకూ హోలకూ తమదని చెప్పుకోవడానికి, గెలిస్తే పట్నా ఉలిక్కిపడే పార్టీ అదొక్కటే ఉండేది. ఆయన సాధించింది ఎంత అన్నది మీ లెక్క. ఎవరిని అడిగి కలిపారన్నది నా ప్రశ్న. పల్లెపల్లెనా మందిని కూర్చోబెట్టి తీర్మానించుకునే అలవాటు మావాళ్లలో ఉందని, ప్రజాస్వామ్యాన్ని మా దగ్గర నేర్చుకోవాలని రాజ్యాంగ సభలో గర్వంగా చెప్పింది ఆయనే కదా!

పాలమూరు మాస్టారు:
అంటే ఫలితం ఎంత మంచిదైనా, అడగకుండా చేస్తే తప్పేనంటారా? అలాగైతే ఏ నాయకుడూ మిగలడు. అయినా జనం ఆయన్ను తిరస్కరించలేదు. 1967లో కాంగ్రెస్ అభ్యర్థిగానే ఖుంటి నుంచి గెలిచారు, 1970లో చనిపోయేదాకా లోక్‌సభ సభ్యులే.

నల్లమల:
ఇప్పుడు అసలు చర్చ మొదలైంది.

మన్యంగాలి:
అది మనిషికి పడిన ఓటు, విలీనానికి కాదు. ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1971లో, అదే ఖుంటి ఓటర్లు కాంగ్రెస్‌ను కాదని జార్ఖండ్ పార్టీ పేరుతో నిలబడిన ఎన్.ఇ. హోరోను లోక్‌సభకు పంపారు.

గోల్‌పోస్ట్:
ఫైనల్ సంగతి ఇంకా తేలలేదు.