లాన్‌లో రిసెప్షన్, 10కి మైక్ బంద్: సన్నాయి, ఆర్కెస్ట్రా, డీజే మూడూ కుదురుతాయా?

కొంపల్లి_అన్న:
మాఘంలో మా చెల్లి పెళ్లి. పెళ్లి మర్నాడు సాయంత్రం కొంపల్లి వైపు ఓపెన్ లాన్‌లో రిసెప్షన్. సుమారు 600 మంది వస్తారు. లాన్ పొడవు 150 అడుగులు, వెడల్పు 80. ఒక చివర స్టేజి, రెండో చివర బఫే. కార్డులో 7 గంటలని వేశాం. సరిగ్గా 10కి మైక్ ఆపేయాలని లాన్ మేనేజర్ ముందే చెప్పాడు. నాన్నకి సన్నాయి మేళం కావాలి, పెద్దమ్మకి పాత పాటల ఆర్కెస్ట్రా కావాలి, చెల్లికి డీజే కావాలి. కజిన్స్ మూడు డాన్సులు ప్రాక్టీస్ చేస్తున్నారు. సౌండ్, లైట్లతో సహా అన్నీ కలిపి లక్షన్నర అనుకున్నాం. ముగ్గురు సౌండ్ వాళ్లని అడిగితే ముగ్గురూ "ఫుల్ సెటప్ సార్" అన్నారు తప్ప అందులో ఏమేం వస్తాయో చెప్పలేదు. మూడూ పెట్టొచ్చా? ఏదైనా తీసేయాలంటే ఏది తీసేయాలి?

టైంటేబుల్_తాత:
ముందు ఫొటోల లైను లెక్క కట్టండి, పాటల సంగతి తర్వాత. 600 మంది నలుగురేసి స్టేజి ఎక్కితే 150 గుంపులు. అక్షింతలు, కవరు ఇవ్వడం, ఫొటో, దిగడం కలిపి గుంపుకి 36 సెకన్లు వేసుకున్నా 90 నిమిషాలు. ఆ గంటన్నర సేపూ మీ చెల్లీ బావా స్టేజి మీంచి కదల్లేరు. వచ్చినవాళ్లు సగం లైన్లో ఉంటారు, సగం ప్లేటు పట్టుకుని ఉంటారు. ఆ టైంలో డీజే ఎంత మోగించినా ఆడేవాళ్లు ఉండరు, పక్కవాడి మాట మాత్రం వినపడకుండా పోతుంది.

కార్డులో 7 వేస్తే జనం దిగేది ఏడుంబావు నుంచి ఎనిమిదిన్నర మధ్య. అందుకని ఇలా సర్దుకోండి. 6 గంటలకల్లా సౌండ్ చెక్ పూర్తవ్వాలి. 6:45 నుంచి గేటు దగ్గర సన్నాయి. 7:20కి జంట ఎంట్రీ, అదీ సన్నాయితోనే. 7:30 నుంచి 9:10 దాకా లైను, వెనకాల మెల్లగా పాటలు. మధ్యలో 8:20కి లైను పది నిమిషాలు ఆపి కజిన్స్‌వి రెండు డాన్సులు పెట్టించండి, జంటకీ కూర్చుని మంచినీళ్లు తాగే వీలు దొరుకుతుంది. 9:10 నుంచి 9:55 దాకా డీజే. మూడో డాన్స్‌తోనే దాన్ని మొదలుపెడితే ఫ్లోర్ మీదికి రమ్మని ఎవరినీ బతిమాలక్కర్లేదు.

డీజేకి దక్కేది 45 నిమిషాలే కాబట్టి రాత్రంతటికీ రేటు మాట్లాడుకోవద్దు. తగ్గించాల్సింది ఆర్కెస్ట్రాని, తీసేయాల్సిన పని లేదు. పదకొండు మంది పెద్ద బృందం అక్కర్లేదు. కీబోర్డు, తబలా, ఒక గాయకుడు, ఒక గాయని చాలు. మిగిలిన డబ్బు సౌండ్‌కి పెట్టండి.

మిక్సర్_మావ:
తాత గారి మాటే నాదీ. పెద్ద ఆర్కెస్ట్రాకి డబ్బు ఒక్కటే కాదు, లైన్లూ పెరుగుతాయి, అంటే మైకుల నుంచి, వాయిద్యాల నుంచి మిక్సర్‌లోకి వెళ్లే వైర్లు; ఒక్కోదానికి ఒక చానెల్ కావాలి. నలుగురు సింగర్లు, కీబోర్డు 2, రిథమ్ ప్యాడ్ 2, తబలా 2, ఢోలక్ 2, బేస్ గిటార్, లీడ్ గిటార్, ఫ్లూట్, యాంకర్, ల్యాప్‌టాప్ 2, స్పేర్ మైక్ ఒకటి. మొత్తం 19. "ఫుల్ సెటప్" పేరుతో 16 చానెళ్ల మిక్సర్ వస్తే తబలా, ఢోలక్ నాలుగింటినీ ఒకే మైక్‌తో సర్దేస్తారు. ఆ రాత్రంతా తబలా డబ్బా మోగినట్టు మోగుతుంది. నలుగురి బృందానికైతే 2 మైకులు, కీబోర్డు 2, తబలా 2, యాంకర్, ల్యాప్‌టాప్ 2, స్పేర్ 1 కలిపి 10 లైన్లు. 16 చానెళ్లు హాయిగా సరిపోతాయి.

మీ లాన్‌కి అసలు చిక్కు పొడవు. ఓపెన్‌లో దూరం రెట్టింపైన ప్రతిసారీ సౌండ్ 6 డెసిబెల్స్ పడిపోతుంది. స్టేజి స్పీకర్‌కి 10 అడుగుల్లో 95 ఉంటే 20కి 89, 40కి 83, 80కి 77. వెనకవాళ్లకి వినపడ్డంలేదని ఎవరో అంటారు, ఆపరేటర్ పెంచుతాడు, ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మలు చెవులు మూసుకుంటారు. దీనికి మందు పెద్ద స్పీకర్లు కాదు, ఎక్కువ చోట్ల చిన్నవి. స్టేజికి రెండు వైపులా 15 అంగుళాల టాప్‌లు ఒక్కోటి, 18 అంగుళాల బేస్‌లు రెండు. 80 అడుగుల దగ్గర స్టాండ్ల మీద 12 అంగుళాలవి రెండు, వీటినే డిలే స్పీకర్లంటారు. సౌండ్‌కి అడుగు దాటడానికి సుమారు 0.9 మిల్లీసెకను పడుతుంది, కాబట్టి వాటికి 72 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం), పైన ఇంకో పది కలిపి పెట్టాలి. పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. యాంకర్ గొంతు బావిలోంచి వచ్చినట్టుంటే కారణం ఇదే. పది కలపడం వల్ల మాట స్టేజి వైపు నుంచే వస్తున్నట్టు ఉంటుంది. బఫే దగ్గర స్పీకర్లే వద్దు.

కొటేషన్‌లో "ఫుల్ సెటప్" కొట్టేయించి ఇవన్నీ విడివిడిగా రాయించండి: టాప్‌లు ఎన్ని, బేస్‌లు ఎన్ని, డిలేలు, స్టేజి మానిటర్లు (పాడేవాళ్లకి వాళ్ల పాట వినిపించే స్పీకర్లు, రెండు ఉండాల్సిందే), మిక్సర్ చానెళ్లు, కార్డ్‌లెస్ మైకులు 4, వైరు మైకులు 2. కార్డ్‌లెస్ ఎంత మంచిదైనా వైరు మైకు ఒకటి స్టాండ్‌కి తగిలించి సిద్ధంగా ఉండాలి. 9:10కి, డీజే మొదలయ్యే ముందు, కార్డ్‌లెస్ అన్నిటికీ కొత్త బ్యాటరీలు వేయించండి. ఇంకా సగం ఉందని చూపించే మైకే సరిగ్గా మీ మామయ్య మాట్లాడుతుంటే పోతుంది.

కొంపల్లి_అన్న:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. ఆర్కెస్ట్రా స్టేజిని జంట స్టేజికి ఎదురుగా వేద్దామంటున్నారు డెకరేషన్ వాళ్లు, వీడియోలో బాగుంటుందట. ఇంకోటి, లాన్‌లో 62.5 కేవీఏ జనరేటర్ ఉంది. సరిపోతుందా?

మిక్సర్_మావ:
ఎదురుగా వద్దు. మెయిన్ స్పీకర్లు నేరుగా సింగర్ల మైకుల్లోకి కొడతాయి, హౌలింగ్ (కీచుమనే మోత) మొదలవుతుంది. దాన్ని ఆపడానికి ఆపరేటర్ మైక్ తగ్గిస్తాడు, పాట వినపడదు. జంట స్టేజికి పక్కన, స్పీకర్ల వరసకి ఒక నాలుగడుగులు వెనగ్గా వేయించండి. మైక్ ఎప్పుడూ స్పీకర్ వెనకే ఉండాలి. యాంకర్ జనంలోకి దిగి డిలే స్పీకర్ ముందు నిలబడితే కూడా అంతే, అటు పోవద్దని ముందే చెప్పండి.

జనరేటర్ చాలు. 62.5 కేవీఏ అంటే సుమారు 50 కిలోవాట్లు. సౌండ్‌కి 5, ఎల్‌ఈడీ పార్‌లు 24 పెడితే ఒక్కోటి 150 వాట్ల చొప్పున 3.6, షార్పీలు (సన్నటి బీమ్ లైట్లు) 8 పెడితే 3 దాకా, ఎల్‌ఈడీ వాల్‌కి 6 వేసుకోండి. అన్నీ కలిపినా 18 దాటదు. చెడేది మొత్తం దగ్గర కాదు, పంపకం దగ్గర. క్యాటరింగ్ ఓవెన్లూ కూలర్లూ సౌండ్ ఉన్న ఫేజ్ మీదే పడితే వోల్టేజీ ఊగుతుంది. సౌండ్‌కి ఒక ఫేజ్ పూర్తిగా వదిలేయమనండి. కీబోర్డూ, డీజే ల్యాప్‌టాప్ చార్జరూ కూడా సౌండ్ బోర్డు నుంచే తీసుకోవాలి. లైట్ల బోర్డులో గుచ్చితే జుమ్మని హమ్ వస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత మీ ఎదురుగా మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 220 నుంచి 240, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. న్యూట్రల్ లూజైతే ఒక ఫేజ్‌లో 300 దాటిపోయి ఆంప్లిఫయర్లు కాలిపోతాయి.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు వచ్చే ఖాళీ కొన్ని సెకన్లే. కానీ డిజిటల్ మిక్సర్ ఆరి మళ్లీ లేవడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషం జంట ఎంట్రీ మధ్యలో పడకూడదంటే మిక్సర్, ల్యాప్‌టాప్, మైక్ రిసీవర్లు మూడింటినీ 1 కేవీఏ యూపీఎస్ మీద పెట్టించండి, ఆంప్లిఫయర్లు అక్కర్లేదు. ఇంట్లో వాడే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ తేనివ్వొద్దు, దానికీ హమ్ ఉంటుంది.

మాఘం అన్నారు కదా. రాత్రి 8 దాటితే గడ్డి మీద మంచు పడుతుంది. వైరు జాయింటు ఒక్కటి కూడా నేల మీద ఉండకూడదు, ఇటుక మీదో కుర్చీ మీదో పెట్టించండి. డాన్స్ ఫ్లోర్ దగ్గర చెప్పులు విప్పి ఆడే పిల్లలుంటారు. సౌండ్, లైట్ల బోర్డులకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసి, దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ట్రిప్ కాకపోతే అది అలంకారానికి ఉన్నట్టే.

శ్రుతిబాక్సు:
సన్నాయి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, ఒకరు తాళం, ఒక శ్రుతిపెట్టె. గేటు దగ్గర వాళ్లకి మైక్ అక్కర్లేదు, ఓపెన్‌లోనే సన్నాయి ఎంతో దూరం వినపడుతుంది. ఎంట్రీలో స్టేజి దగ్గరికి వచ్చినప్పుడు సన్నాయికి ఒక మైక్, అదీ మూడడుగుల దూరంలో. డోలుకి అసలు వద్దు. సాయంత్రానికి హంసధ్వనితో మొదలుపెట్టి మోహన, కల్యాణి వాయించమనండి. ముఖారి అడక్కండి, అది శోకరాగం. సినిమా పాటలు వాయించగలరు, కానీ నాన్నగారి ముచ్చట అదైనట్టు లేదు. కీబోర్డుతో కలిపి వాయించే ఫ్యూజన్ కావాలని ఎవరైనా అంటే, శ్రుతి కలపడానికి సౌండ్ చెక్‌లో పావుగంట వేరే కేటాయించండి. కలవని శ్రుతిలో సన్నాయిని భరించడం చాలా కష్టం.

పాటల జాబితా మీరే ఇవ్వండి. గంటకి 12 పాటలు లెక్కేసి 20 ఇవ్వండి, కచ్చితంగా వద్దనుకునేవి ఒక అయిదు వేరే కాగితం మీద. ట్యూన్ బాగుందని ఒప్పుకోవద్దు, చరణాలు చదవండి. పాత మెలొడీల్లో పల్లవి వెన్నెల మీదుంటే రెండో చరణంలో విరహం, ఒక్కోసారి ఏకంగా చావు కూడా ఉంటుంది. పెద్దమ్మ గారు పాడతానంటే పాటా శ్రుతీ వారం ముందే కీబోర్డు అతనికి చెప్పండి. ఆడవాళ్లకి అయిదు అయిదున్నర శ్రుతి, మగవాళ్లకి ఒకటి నుంచి రెండు మామూలుగా సరిపోతుంది. సినిమా ట్రాక్‌ని ఉన్న శ్రుతిలోనే వేసేస్తే అనుపల్లవి దగ్గరే గొంతు ఆగిపోతుంది.

కొంపల్లి_అన్న:
కజిన్స్ పాటలన్నీ వాట్సాప్‌లో పంపించారు. అవే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే చాలా?

మిక్సర్_మావ:
చాలదు. వాటిని ఆడియోగా పంపితే నాణ్యత నొక్కుకుపోవచ్చు, అలాంటిది పెద్ద స్పీకర్‌లో చప్పగా ఉంటుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 గానీ, వేవ్ ఫైల్ గానీ డాక్యుమెంట్‌గా పంపించమనండి. రెండు పెన్‌డ్రైవ్‌లు, రెండూ ఫ్యాట్32 ఫార్మాట్. ఫైల్ పేర్లు 01, 02, 03 అని మొదలవ్వాలి. మూడు పాటలు కలిపి అతికిస్తే ఒక్కో డాన్స్ నాలుగు నిమిషాలు దాటనివ్వకండి. ఫోన్ నుంచి యూట్యూబ్ పెట్టి ఆడదామంటే మాత్రం వద్దే వద్దు. 600 ఫోన్ల మధ్య నెట్ ఉండదు, ఉన్నా మధ్యలో ప్రకటన వస్తుంది.

నిబంధన_52:
పదింటి సంగతి మేనేజర్ బెదిరింపు కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసి ఉన్న బాంక్వెట్ హాలు, ఆడిటోరియంలాంటి వాటికి మినహాయింపు ఉంది, లాన్‌కి లేదు. షామియానా కట్టినంత మాత్రాన అది హాలైపోదు. పగలైనా లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి. పోలీస్ స్టేషన్‌లో మైక్ పర్మిషన్ మీరు తీసుకోవాలో లాన్ వాళ్లు తీసుకుంటారో ఇప్పుడే తేల్చుకుని, ఆ రోజు కాపీ జేబులో పెట్టుకోండి. ఇళ్లున్న ప్రాంతంలో పగటి పరిమితి (రాత్రి 10 దాకా ఇదే) 55 డెసిబెల్స్. ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర అంతకు 5కి మించకూడదు, అంటే 60. నిజం చెప్పాలంటే డీజే ఆ అంకెలో ఉండటం కష్టం. కనీసం స్పీకర్ల ముఖం ఇళ్ల వైపు లేకుండా స్టేజి దిక్కు మార్పించండి, బేస్ తగ్గించండి. గోడలు దాటిపోయేది బేసే, ఫిర్యాదు వచ్చేదీ దానిమీదే. 10 తర్వాత కూడా ఆడాల్సిందేనంటే లాన్‌కి ఆనుకుని ఏసీ హాలుందేమో అడిగి, తలుపులు మూసి చిన్న స్పీకర్లు రెండు పెట్టుకోండి.

పాటలకి లైసెన్సు ఫీజు కట్టమని ఎవరైనా అడిగితే కంగారు పడొద్దు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(జెడ్ఏ) పెళ్లి ఊరేగింపునీ, పెళ్లికి సంబంధించిన వేడుకలనీ మినహాయించింది. 2023 జులైలో డీపీఐఐటీ (కాపీరైట్ వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) కూడా ఇదే గుర్తుచేస్తూ పబ్లిక్ నోటీసు ఇచ్చింది. ఆ నోటీసు ప్రింట్ తీసి లాన్ మేనేజర్‌కి ఇవ్వండి. కానీ ఈ మినహాయింపు లైవ్ స్ట్రీమ్‌కి పనిచేస్తుందనుకోకండి. అమెరికాలో ఉన్న చుట్టాల కోసం యూట్యూబ్ లైవ్ పెడితే సినిమా పాట రాగానే ఆడియో మ్యూట్ కావచ్చు, లైవే ఆగిపోనూ వచ్చు. లింకు ప్రైవేటుగా పెట్టినా అంతే. డీజే మొదలయ్యే ముందే లైవ్ ముగించండి, లేదా వీడియో కాల్‌లో చూపించండి.

కొంపల్లి_అన్న:
అందరికీ దండాలు. ఆర్కెస్ట్రాని నలుగురికి తగ్గించమని ఇప్పుడే ఫోన్ చేశాను, ఒప్పుకున్నారు. ఆఖరి ప్రశ్న, యాంకర్‌కి ముందుగా ఏం చెప్పాలి?

టైంటేబుల్_తాత:
ఒక్క పేజీ కాగితం, పెద్ద అక్షరాలతో. రెండు వైపుల పెద్దల పేర్లు, వరసలు, ఎవరి తర్వాత ఎవరిని పిలవాలో. ఇంటిపేర్లు ఒకసారి మీ ముందు చదివించండి. అత్తాకోడళ్ల జోకులు వద్దని, పెద్దవాళ్లని చెయ్యి పట్టి లాగి ఆడించొద్దని, పాట జరుగుతుండగా మాట్లాడొద్దని అడుగున రాయండి. 9:50కి చివరి పాట అని చెప్పే బాధ్యత ఆయనదే. సన్నాయి వాళ్ల పని 7:40కి అయిపోతుంది, వెంటనే భోజనానికి కూర్చోబెట్టండి. వాళ్ల బస్సు టైము అడగడం మర్చిపోవద్దు.