హంతకుడు నటుడే అయితే పాఠకుణ్ణి మోసం చేసినట్టేనా?

బసవనగుడి మిత్రుడు: బెంగళూరులో మా తెలుగువాళ్లం కొందరం కలిసి ఒక మిస్టరీ నవల రాస్తున్నాం. నెత్తురు, బీభత్సం లేకుండా ఇంటిల్లిపాదీ చదువుకునే రకం. ఒక పద్యనాటక సమాజం రవీంద్ర కళాక్షేత్రలో నాటకం వేస్తుంటుంది. రాయబారం సీను నడుస్తుండగా సమాజం మేనేజరు గ్రీన్‌రూమ్‌లో చచ్చిపడి ఉంటాడు. చంపింది అర్జునుడి వేషగాడు. "స్టేజి పక్కన తెరచాటున, సైడ్‌వింగ్‌లో నిలబడి సీనంతా చూశాను" అంటాడు, అందరూ నమ్ముతారు. చిత్తుప్రతి చదివిన ఇద్దరికి పెద్ద గొడవైంది. అబద్ధమాడటమే వృత్తిగా ఉన్నవాణ్ణి హంతకుణ్ణి చేయడం తొండి అని ఒకరు, కాదని ఇంకొకరు. మీరేమంటారు?

పాత పుస్తకాలాయన: తొండే. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ అప్పుడే చూపించాలని ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లోనే నియమం పెట్టాడు. మామూలు మనిషైతే మాట తడబడుతుంది, చెమట పడుతుంది. నటుడికి అవేమీ ఉండవు. ఇక మేం దేన్ని పట్టుకుని ఊహించాలి?

తెరవెనక: అయ్యా, చెమటలు చూసి హంతకుణ్ణి పట్టుకునే కథ ఎవరికి కావాలి? ఆ నాక్స్ గారే, ఎవరి ఆలోచనలు పాఠకుడికి చెబుతారో వాడు హంతకుడు కాకూడదని కూడా అన్నాడు. కాబట్టి అర్జునుడి మనసులోకి మాత్రం దూరకండి. ముఖం ఎంత బాగా నటించినా, చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం కుదరదు కదా. పద్యనాటకంలో ఏ రెండు రాత్రులూ ఒకేలా నడవవు. కృష్ణుడు రాగం తీస్తాడు, జనం వన్స్‌మోర్ అంటారు, పద్యం మళ్లీ మొదలు. అర్జునుడు నిజంగా వింగ్‌లో ఉంటే ఆ సంగతి తెలిసి తీరాలి.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ సుబ్బి: మైకు మోత గ్రీన్‌రూమ్‌దాకా వినిపించదా అన్నా? వాడు అక్కడినుంచే వినేసి చెబుతాడు.

తెరవెనక: బాగా పట్టావమ్మా. అయితే చెవికి అందనిది పెట్టాలి. పద్యం అవగానే ముందు వరసలోంచి ఒక పెద్దాయన స్టేజి ఎక్కి కృష్ణుడి ఉత్తరీయానికి ఐదువందల నోటు పిన్నుతో గుచ్చుతాడు. పిన్ను సరిగ్గా దిగక నోటు కింద పడుతుంది. దుర్యోధనుడు, పాత్ర మరిచిపోయి, వంగి తీసి ఇస్తాడు. జనం గొల్లుమంటారు. గ్రీన్‌రూమ్‌లో ఉన్నవాడికి నవ్వు వినిపిస్తుందే తప్ప, ఎందుకు నవ్వారో తెలియదు. అడిగితే "కృష్ణుడు పద్యం మరిచిపోయాడు" అంటాడు. దొరికిపోయాడు!

కత్తి: ఇంత శ్రమ ఎందుకు? ఉత్తుత్తి కత్తి బదులు అసలుది పెట్టేస్తే పోలా? 2008లో వియన్నా బర్గ్‌థియేటర్‌లో నిజంగానే అలా అసలు కత్తి వచ్చి ఒక నటుడి మెడ తెగింది. అదృష్టం, బతికాడు.

పాత పుస్తకాలాయన: కత్తి మార్చే కథలు చదివి చదివి విసుగెత్తింది బాబూ.

సుబ్బి: నాదో సలహా. కథని రంగశంకర థియేటర్‌కి మార్చండి. నాటకం మొదలయ్యాక అక్కడ ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి రానివ్వరు. బయటివాడెవడో చొరబడ్డాడన్న అనుమానమే ఉండదు.

తెరవెనక: నిజమే, కానీ అక్కడ స్టేజి ఎక్కి నోట్లు గుచ్చితే ఊరుకుంటారా? నా ఆధారం కాస్తా పోతుంది. కళాక్షేత్రే ఉంచండి.

పాత పుస్తకాలాయన: నోటు సంగతి నచ్చింది, ఒప్పుకుంటాను. కానీ అది హత్య బయటపడకముందే, మామూలు నవ్వుల సీనులా, నా కళ్లముందు జరగాలి. చివరి అధ్యాయంలో డిటెక్టివ్ గుర్తు చేసుకున్నట్టు రాశారంటే మళ్లీ తొండి అనే అంటాను.