గుట్ట మీద పెళ్లి: మేళానికి సైగ టైముకి అందడం లేదు, ఏం చేయాలి?

మాది హైదరాబాద్. చెల్లి పెళ్లి మాఘమాసంలో, వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో. ముహూర్తం తెల్లవారుజామున 5:48కి, అంటే ఇంకా చీకటే. స్థలం వాలుగా ఉండటంతో మండపం పైన, సన్నాయి మేళం దాదాపు 40 అడుగుల దూరంలో కింద. వాళ్లకు పంతులుగారు కనిపించరు.

అక్కడే చేసిన నిశ్చితార్థంలో ఈ తంటా బయటపడింది. పంతులుగారు చెయ్యెత్తాక డోలు అందుకునేసరికి నాలుగైదు సెకన్లు పట్టింది. వీడియోలో ఉంగరం తొడిగేశాక మేళం మొదలవుతోంది. ఫొటోగ్రాఫరేమో మేళం వినగానే క్లిక్ చేద్దామని ఆగాడట, అసలు ఫొటోనే పోయింది. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించలేం కదా! (వీడియోవాళ్లు అడగడానికి మొహమాటపడరనుకోండి.)

ఫోన్ చేద్దామంటే సిగ్నల్ నిలవదు. వాకీటాకీ ఇచ్చాం, డోలు మోతలో వినపడలేదు. ఇయర్‌ఫోన్ పెడితే శ్రుతి తెలియడం లేదని సన్నాయి ఆయన తీసేశారు. మధ్యలో ఓ కుర్రాణ్ణి చేతిరుమాలుతో నిలబెడితే, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) పట్టుకుని తిరిగే వీడియోవాళ్లు అడ్డొచ్చారు. టార్చి వేస్తే ఆ వెలుగు వీడియోలో పడింది. మేళాన్ని పైకి తెస్తే పంతులుగారి కాలర్ మైకులో మంత్రాలు వినపడక సన్నాయే నిండిపోతోంది.

గుట్టల మీద పెళ్లిళ్లు చేయించినవాళ్లు చెప్పండి: ఫోన్ సిగ్నల్‌తో పని లేకుండా, కెమెరాకి చిక్కకుండా, డోలు ఆయనకు సరిగ్గా ఆ క్షణంలోనే సైగ అందేలా మీరు ఏం వాడారు?