1954 విల్లీస్ పికప్పుకు టెయిల్‌గేటు, అద్దం ఎత్తే మిషను: చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి?

అంబత్తూరు బండి
మా తాతగారి పికప్పు. పద్దెనిమిదేళ్లు గూడూరులో రేకుల షెడ్డు కింద ఉండిపోయింది. కిందటి నెల లారీకి ఎక్కించి అంబత్తూరు తెచ్చాను. ఇంజను హరికేన్ రకం, హ్యాండిల్ వేసి తిప్పితే తిరుగుతోంది. వెనక టెయిల్‌గేటు లేదు. డ్రైవరు వైపు తలుపులో అద్దం ఎత్తే మిషను పళ్లు నున్నగా అరిగిపోయాయి. బ్రేకు డ్రమ్ములు కావాలి. ఆరు వోల్టుల వైరింగును ఎలుకలు కొరికేశాయి. పుదుపేట పాత విడిభాగాల బజారులో మూడు శనివారాలు తిరిగాను. పికప్పు అని ఎంత చెప్పినా సీజే 3బీ జీపు టెయిల్‌గేటే తెచ్చి ముందు పెడుతున్నారు. అది నా బండి వెడల్పుకు చాలదు. ఎవరి దగ్గరైనా ఉందా? రిజిస్ట్రేషను గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది, దానికేం చేయాలి?

పుదుపేట పాతకాపు
ముందు ఇంజను సంగతి చూసుకోండి. విల్లీస్ అని అడిగితే ధర పెంచుతారు, సీజే 3బీని ఇక్కడ మహీంద్రా చేసింది కాబట్టి మహీంద్రా పెట్రోలు జీపు అని అడగండి. సీజే 3బీలోనూ మీ బండిలోనూ ఉన్నది ఒకే 134 క్యూబిక్ అంగుళాల ఎఫ్-హెడ్ ఇంజను, హరికేన్ అంటే అదే. పిస్టన్లు, వాల్వులు, వాటర్ పంపు సరిపోతాయి.

ఇంజను బ్లాకుకూ హెడ్‌కూ మధ్య వేసే హెడ్ గాస్కెట్ దగ్గర మాత్రం మోసపోవద్దు. ఒక దుకాణంలో జీపుదేనని చెప్పి కవరు చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చి బ్లాకు మీద పరిస్తే అది అంతకుముందు వచ్చిన ఎల్-హెడ్ ఇంజనుది. ఎల్-హెడ్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి. ఎఫ్-హెడ్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లోకి వెళ్లాయి, ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులో ఉండిపోయాయి. ఇక రంధ్రాలు ఎలా కలుస్తాయి? తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ రోజు నుంచి పాత గాస్కెట్ చేతిలో లేకుండా గడప దాటలేదు.

జేసీ రోడ్డు
బెంగళూరు నుంచి రాస్తున్నాను. వైరింగు ఎలాగూ పోయింది కాబట్టి పన్నెండు వోల్టులకు మార్చేయండి. బల్బులు, హారను, బ్యాటరీ ఏ వీధిలోనైనా దొరుకుతాయి. నా జీపుకు అదే చేశాను. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది.

డైనమో
ఈ సలహాలే పాత బండ్ల ప్రాణం తీస్తున్నాయి. ఆరు వోల్టులు బలహీనమని ఎవరు చెప్పారు? వోల్టేజి సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు పారాలి. అంటే కేబులు లావుగా ఉండాలి. మన వాళ్లు పన్నెండు వోల్టుల సన్న కేబులు బిగించి, సెల్ఫ్ మూలుగుతోందని ఆరు వోల్టులను తిడతారు.

నా బండిలో మీటరు పెట్టి చూశాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు మోటారు కొస దగ్గర 4.1 వోల్టులే చేరుతున్నాయి. బొటనవేలంత లావు కేబులు వేశాను. ఎర్త్ పట్టీ కింద ఛాసిస్ మీద రంగును తెల్లటి ఇనుము కనబడేదాకా గీకాను. అదే బ్యాటరీతో 5.2 వచ్చింది. చలికాలం తెల్లవారుజామున కూడా రెండో చుట్టుకే అందుకుంటుంది.

జేసీ రోడ్డు
రాత్రి పూట దారిలో హెడ్‌లైటు బల్బు పోతే ఆరు వోల్టులది ఎవరు ఇస్తారు? హోసూరు దాటాక నేను రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాను. పిల్లలు బండిలో ఉన్నారు. మీ మీటరు లెక్కలు నాకు అప్పుడు పనికిరాలేదు.

డైనమో
బల్బులు నాలుగు కొని సీటు కింద పెట్టుకోవాలి. అది బండి తప్పు కాదు.

లేతు మిషను
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. సెల్ఫ్ మోటారు పట్టి తిప్పే ఫ్లైవీల్ రింగు పళ్లు లెక్కపెట్టారా? ఆరు వోల్టుల బండికి 124, పన్నెండు వోల్టుల దానికి 129. లెక్కపెట్టకుండా సెల్ఫ్ మోటారు కొంటే పళ్లు ఒకదాన్నొకటి కొరుకుతాయి. ఇలా పాడైన రింగులు నా దగ్గరకు ఎన్ని వచ్చాయో! గిండీలో ముప్పయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, పుస్తకం చూసి చెప్పడం లేదు.

ఇంకొకటి. దయచేసి ఈ బండ్లలో మిల్లీమీటరు బోల్టులు దూర్చవద్దు. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, కుర్రవాళ్లు దాన్ని పైపు వేసి తిప్పుతారు. మర మొత్తం పోతుంది. నిన్న కూడా ఒక వాటర్ పంపు హౌసింగు అలాగే వచ్చింది. చూసి కడుపు రగిలిపోయింది.

పాత ఆర్సీ
రిజిస్ట్రేషను గురించి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజను మారి ఉండకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తప్ప రోడ్డెక్కకూడదు.

జేసీ రోడ్డు
అంటే రోజూ తోలుకోలేమా? మరి ఎందుకు బాగుచేయడం?

పాత ఆర్సీ
రోజూ తోలాలంటే మామూలు నమోదునే పునరుద్ధరించుకోవాలి. ముందు పాత ఆర్సీలో గూడ్సు బండి అని ఉందేమో చూడండి. వింటేజ్ నంబరుతో బాడుగలకు తిప్పడానికి వీల్లేదు.

రేకు పని
టెయిల్‌గేటు కోసం వెతకడం మానేయండి. చేయించుకోండి. నేను మూడేళ్లు వెతికి చివరికి కోలారు వైపు ఒకరి పికప్పు గేటును రెండు రోజులకు అడిగి తెచ్చాను. కష్టమంతా రేకులో ఉబ్బెత్తుగా ఉండే విల్లీస్ అనే అక్షరాల దగ్గరే. టేకు చెక్కలో అక్షరాలు తిరగేసి చెక్కించాం. రేకును దాని మీద పరిచి చెక్క సుత్తితో అంచుల నుంచి లోపలికి కొంచెం కొంచెంగా దించాం. మొదటి రేకు డబ్ల్యూ మూల దగ్గర చిరిగింది. రెండోదాన్ని ముందు ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి కొట్టాం. నిలబడింది. రంగు వేసిన తరువాత ఆ పికప్పు యజమానే రెండు గేట్లూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చూశారు. ఆ చెక్క అచ్చు నా దగ్గరే ఉంది, మీకు ఇస్తాను.

డైనమో
ఇది సలహా అంటే.

పుదుపేట పాతకాపు
డ్రమ్ములు కొనేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. జీపువి 9 అంగుళాలు, మీ పికప్పువి 11. అన్నీ జీపువేనని అంటగడతారు.

అంబత్తూరు బండి
రేకు పని గారూ, శనివారం వస్తాను, అచ్చు జాగ్రత్తగా తిరిగి ఇస్తాను. లేతు మిషను గారూ, ఇప్పుడే లైటు పట్టుకుని లెక్కపెట్టాను, 124 ఉన్నాయి. కాబట్టి ఆరు వోల్టులే ఉంచుతాను. ఆర్సీలో గూడ్సు అనే ఉంది, ఆ పని మీద మళ్లీ అడుగుతాను. అద్దం ఎత్తే మిషను గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పటికి అద్దం కింద చెక్క ముక్క పెట్టి ఆపాను. వాన పడకముందే అది కావాలి.