ఉరవకొండ దగ్గర తెల్లవారుజామున వరుసగా పోయిన దీపాలు: శాటిలైట్లే అంటే నమ్మాలా?

చీనీతోట:
మాది ఉరవకొండ పక్కన పల్లె. ఈ కార్తీకం చలిలో మొన్న ఐదు కావస్తుండగా చీనీ చెట్లకు నీళ్లు వదలడానికి పోయినా. కరెంటు ఆ టైముకే ఇస్తారు, ఏం చేస్తాం. స్టార్టర్ డబ్బా మూత తీసి, పచ్చ బటన్ నొక్కి, డ్రిప్పు పైపులో గాలంతా బుస్సుమని పోయేదాకా నిలబడి ఊరికే తల ఎత్తినా. నడినెత్తికి కొంచెం తూర్పుగా ఒక చుక్క పుట్టింది. పుట్టింది అనే అంటున్నా, ఎందుకంటే అది ఎక్కడి నుంచో రాలేదు. అది తూర్పుకు జరుగుతుంటే సరిగ్గా అదే చోట ఇంకోటి, దాని వెనక ఇంకోటి, పూసలదండ లాగినట్టు. ఇరవై రెండు దాకా లెక్కపెట్టి తప్పిపోయినా. చప్పుడు లేదు, మిణుకుమనడం లేదు, రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఇంకో విషయం, తూర్పున గాలిమరల మీద ఒక పెద్ద తెల్లటి వెలుగు కదలకుండా ఉంది, ఇవన్నీ పోయి దాంట్లో కలిసినట్టు అనిపించింది. ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉండిపోయింది, ఫోటో అడగొద్దండి. మా అవ్వ కొరివి దెయ్యాలంటోంది, తమ్ముడు శాటిలైట్లంటున్నాడు, నాకు రెండూ తలకెక్కడం లేదు.

కడప కారందోశ:
తమ్ముడిదే కరెక్ట్ అన్నా, అవి స్టార్‌లింక్, ఇంటర్నెట్ ఇవ్వడానికి స్పేస్‌ఎక్స్ అనే అమెరికా కంపెనీ పంపే శాటిలైట్లు. 2019 మేలో మొదటిసారి 60 ఒకే రాకెట్‌లో పంపినప్పుడు యూరప్‌లో కూడా జనం ఇట్లే బెంబేలెత్తిపోయినారు. వదిలిన కొత్తలో దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి, తర్వాత మెల్లగా ఇంకా పైకి ఎక్కి దేనికది విడిపోతుంది. అందుకే ఆ దండ కొన్ని రోజులే కనిపిస్తుంది.

చీనీతోట:
సరే, మరి నడి ఆకాశంలో ఒకే చోట పుట్టడం ఏంది? శాటిలైట్ అయితే పడమటి నుంచి రావాలి కదా.

కడప కారందోశ:
వచ్చినాయి, నీకు కనపడలేదు అంతే. వాటికి సొంత దీపం లేదు, ఎండ పడితేనే మెరుస్తాయి. ఐదింటికి నీ తోటలో చీకటే గానీ 300 కిలోమీటర్ల పైన తూర్పు ఎండ అప్పటికే వచ్చేసి ఉంటుంది. పడమటి సగం ఇంకా భూమి నీడలోనే. పొద్దున్నే ఇంటి నీడలోనుంచి కోళ్లు ఒక్కొక్కటే ఎండలోకి వస్తాయి చూడు, నీడ అంచు దాటిన చోటే ప్రతి కోడీ తళుక్కుమంటుంది. ఒకే చోట పుట్టినాయని నువ్వు చెప్పిన ఆ ఒక్క ముక్కతోనే నాకు అనుమానం పూర్తిగా పోయింది. నువ్వు అబద్ధం చెప్పేవాడివైతే పడమటి నుంచి వచ్చినాయనే రాసి ఉండేవాడివి.

బురుజుకాడ:
మా కర్నూలోళ్లం ఇంత సులువుగా ఒప్పుకోం. మా ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీవో, అంటే రక్షణ పరిశోధన సంస్థ, ఆయుధాలు పరీక్షించే రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్‌తో డ్రోన్‌ను కూల్చినారు, జులైలో డ్రోన్ నుంచి మిసైల్ వదిలినారు. మాకు పేపర్లో వస్తేనే తెలిసింది. 2022 డిసెంబర్ 15 సాయంత్రం బెంగాల్లో ఆకాశం వెలిగిపోతే జనం ఏవేవో అనుకున్నారు, తీరా చూస్తే ఒడిశా తీరం నుంచి అగ్ని-5 మిసైల్ పరీక్ష. కాబట్టి అన్నిటికీ స్టార్‌లింక్ అని ముద్ర కొట్టేయడం కూడా ఒక రకం మూఢనమ్మకమే.

గాలిమర:
నేను విండ్‌మిల్లుల మీద పనిచేసేవాణ్ణి, రాత్రి డ్యూటీలో ఆకాశం తప్ప ఇంకేం చూస్తాం. మా టవర్ల మీద దీపాలు ఎర్రవి, ఆరుతూ వెలుగుతుంటాయి, అవి కావు. ఓర్వకల్లు నుంచి ఉరవకొండకు సూటిగా కొలిచినా వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆ రకం లేజర్లు ఎక్కువగా కంటికి కనపడని పరారుణ కాంతితో పనిచేస్తాయి, ఆకాశంలో పూసలు గుచ్చవు. అగ్ని సంగతికొస్తే, దానికి ముందే ఆ దారిలో విమానాలు రావొద్దని నోటీసు ఇచ్చినారు. మామూలు జనం చదవరు గానీ అది రహస్యమేం కాదు.

బురుజుకాడ:
లేజర్ వదిలేద్దాం, డ్రోన్లు వరుసలో ఎగరలేవా?

గాలిమర:
ఎగురుతాయి. ఇరవై రెండు డ్రోన్లు నెత్తి మీద పోతుంటే తెల్లవారుజాము నిశ్శబ్దంలో తేనెటీగల తుట్టె కదిలించినట్టు ఉంటుంది. ఆయన చప్పుడు లేదన్నాడు.

కడప కారందోశ:
రాకెట్ చూసినవాడికి ఈ తేడా తెలుస్తుంది. 2024 డిసెంబర్ 30 రాత్రి సరిగ్గా 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ పోయింది, అంతరిక్షంలో ఒకదానికొకటి అతికించి చూసే స్పేడెక్స్ జంట ఉపగ్రహాలతో. మా మిద్దె మీదకు పరిగెత్తినా. తూర్పున, కొంచెం దక్షిణంగా, నారింజ రంగు నిప్పు ఒకటి, గోరంత. మాకు శ్రీహరికోట సూటిగా 170 కిలోమీటర్లకు పైనే, అయినా కనిపించింది. పక్కింటి పెద్దాయన అది చూసి దండం పెట్టుకున్నాడు, నేను నవ్వలేదు. నిప్పు రంగు వేరు, ఎండ పడిన లోహం తెలుపు వేరు. ఎవరేం చూసినా టైము, దిక్కు, ఎంతసేపు, ఏ రంగు రాసిపెట్టుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది.
చీనీతోట అన్నా, ఆ కదలని వెలుగు ఉంది కదా, రేపు అదే టైముకు పోయి చూడు. దాదాపు అక్కడే ఉంటే వరుసకూ దానికీ సంబంధం లేనట్టే.

బురుజుకాడ:
వరుస సంగతి సగమే ఒప్పుకుంటున్నా. ఆకాశం అందరిదీ అంటారు గానీ ఎవరో అమెరికా కంపెనీ వేలకు వేలు నింపేస్తుంటే మనల్ని ఒక్క మాటన్నా అడిగినారా? అదీ అసలు చర్చ.

గాలిమర:
దానికి వేరే టాపిక్ పెట్టన్నా, నేనూ నీ పక్కే.

చీనీతోట:
పొద్దున పోయినా. దండ లేదు, కానీ ఆ తెల్ల వెలుగు మూడో గాలిమర రెక్క పైన అట్లే ఉంది. ఆరింటిదాకా కూర్చుని చూసినా, మెల్లగా పైకెక్కి పగటి వెలుతురులో కలిసిపోయింది. ఇంటికొచ్చి అవ్వను అరుగు మీదకు పిలిచి అదెక్కడుందో చెప్పి అడిగినా. "వేగుచుక్కను చూసి జడుసుకున్నావా రా, దాన్ని చూసే కదా మేం కాడి కట్టింది" అనింది. మరి కొరివి దెయ్యాలని ఎందుకన్నావు అంటే, "నువ్వు చెప్పింది వరుస గురించి, దీని గురించి నన్ను అడగలేదు" అని లోపలికి పోయింది.