బొటనవేలి దగ్గర అరిగిపోయిన క్లైంబింగ్ షూ: తక్కువ ఖర్చులో ఎంతవరకు బాగుచేసుకోవచ్చు?

ప్రశ్న:

కుడి షూకి బొటనవేలి దగ్గర సోల్ అంచు పూర్తిగా గుండ్రబడిపోయింది. దాని పైన వేళ్లను చుట్టి ఉండే పల్చటి రబ్బరు కూడా ఒకచోట బాగా నున్నగా అయి, వేలితో నొక్కితే మెత్తగా తగులుతోంది. ఎడమ షూ సోల్ అరగలేదు కానీ పక్క అంచు కొంత ఊడి వచ్చింది. ఒక వెల్క్రో పట్టీ కుట్టు కూడా తెగింది. పైభాగం మాత్రం బాగుంది, కాలికి చక్కగా కుదిరిపోయింది. ఇప్పట్లో కొత్త జత కొనలేను. ఇంట్లో సూపర్ గ్లూ ఉంది. దానితో ఊడినచోట అంటించి, అరిగినచోట పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే సరిపోతుందా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

సమాధానం (చాలాకాలంగా కొండలెక్కుతున్న ఒకరు):

ముందు ఆ సూపర్ గ్లూ పక్కన పెట్టేయండి. అది ఎండాక పెళుసుగా అవుతుంది. షూ వంగిన ప్రతిసారీ పగుళ్లిస్తుంది. ఆ గట్టి పొరను మొత్తం గీకి తీస్తే తప్ప, తర్వాత మంచి జిగురు వేసినా పట్టదు. సైకిల్ ట్యూబు కూడా వద్దు. చాలా ట్యూబులు బ్యుటైల్ రబ్బరుతో చేసినవి. దానికి జిగురు సరిగ్గా అంటదు, అంటినా రాతి మీద క్లైంబింగ్ రబ్బరు ఇచ్చే పట్టు ఇవ్వదు. కాలు పెట్టే చోట నమ్మకం లేని రబ్బరు ఉంటే ఆ షూ ఉండీ లాభం లేదు.

మీరు చెప్పిన మూడింటిలో పట్టీ, ఊడిన అంచు తేలిక. బొటనవేలి సంగతే అసలు విషయం. వేళ్లను చుట్టి ఉన్న ఆ పల్చటి రబ్బరును ర్యాండ్ అంటారు. కొత్త షూలో సోల్ సాధారణంగా మూడున్నర నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ర్యాండ్ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. సోల్ అరిగితే కొత్త సోల్ వేయించుకోవచ్చు. ర్యాండ్ చిల్లిపడి లోపలి తోలు కూడా దెబ్బతింటే ఖర్చు పెరుగుతుంది, ఒక్కోసారి షూ మొత్తం పనికిరాకుండా పోతుంది.

మంచి వెలుతురులో చూడండి. సోల్, ర్యాండ్ కలిసేచోట ఒక గీత ఉంటుంది కదా, అది బొటనవేలి దగ్గర కనబడుతోందా? గీత ఉండి, దాని కింద కాస్త సోల్ మిగిలి ఉంటే మీకు ఇంకా సమయం ఉంది. గీత చెరిగిపోయి ఉంటే మీరు ఇప్పుడు ర్యాండ్ మీదే ఎక్కుతున్నారు. తోలు గానీ గుడ్డ గానీ బయటికి కనబడితే చిల్లి పడినట్టే. ఏది కనబడిందో రాయండి, దాన్నిబట్టి చెబుతాను.

ప్రశ్న అడిగినవారు:

చూశానండీ. బొటనవేలి కింద గీత లేదు, పక్కవేళ్ల దగ్గర ఉంది. తోలు కనబడలేదు. అంటే ఇంకా చిల్లి పడలేదనేగా? మరి ఎడమ షూకి ఏ జిగురు వాడాలి?

సమాధానం (మొదట జవాబిచ్చినవారే):

చిల్లి పడలేదు, సంతోషం. అయితే కుడి షూ ఇవాళ్టి నుంచి ఆపేయండి. ఈ దశలో ఎక్కిన ప్రతిసారీ ఆ ర్యాండే అరుగుతుంది. కొన్నాళ్లు క్లైంబింగ్ జిమ్‌లో అద్దె షూతో గడపండి, లేదా మీ సైజు పాత జత ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తీసుకోండి. దీనికి సిగ్గుపడక్కర్లేదు.

ఎడమ షూకి కాంటాక్ట్ సిమెంట్ కావాలి. చెప్పులు, బూట్లు బాగుచేసేవాళ్లు వాడేది అదే, చిన్న ట్యూబు చాలు. పంక్చర్ సొల్యూషన్ దానికి బదులు కాదు, ఇంత ఒత్తిడికి నిలవదు. ముందు షూని పూర్తిగా ఆరనివ్వండి. లోపల చెమట తడి ఉంటే ఏ జిగురూ నిలవదు. ఊడినచోట విప్పి, లోపలి మట్టి, పాత జిగురు పొరలు తీసేయండి. గట్టిగా అంటుకుని ఉన్న భాగాన్ని మాత్రం లాగకండి. 80 నంబరు గరుకు కాగితంతో రెండు వైపులా రుద్ది, ఆ పొడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

జిగురు రెండు వైపులా పల్చగా రాయాలి. చాలామంది మందంగా పోసేసి, తడిగా ఉన్నప్పుడే అంటించేస్తారు. అలా చేస్తే లోపల చిక్కుకున్న ద్రావకం ఆరదు, అతుకు మెత్తగానే ఉండిపోతుంది. డబ్బా మీద రాసినంత సేపు, మామూలుగా ఒక పది ఇరవై నిమిషాలు, వదిలేయండి. వేలు తాకిస్తే బంకగా అనిపించాలి కానీ వేలికి అంటుకోకూడదు. తోలు వైపు మొదటి పూత పీల్చేసుకుంటే ఆరాక ఇంకో పూత వేయండి. తర్వాత ఒక చివర నుంచి నెమ్మదిగా కలుపుతూ రండి. ఒకసారి తగిలాక జరపడం కుదరదు. ఈ జిగురుకి ఎంతసేపు అదిమి ఉంచామన్నదాని కంటే ఎంత గట్టిగా నొక్కామన్నదే ముఖ్యం. లోపల గట్టిది ఏదైనా ఆనించి, బయట చిన్న సుత్తితో అంచంతా తట్టండి. ఒక రోజంతా ముట్టుకోకండి.

ఇంకో మాట. ఈ జిగురు ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది, దానికి నిప్పు కూడా త్వరగా అంటుకుంటుంది. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా చేయండి. పిల్లలున్న గదిలో అసలు వద్దు.

పట్టీ పని చెప్పులు కుట్టేవాళ్లకు ఇవ్వండి. మైనం పట్టించిన గట్టి దారంతో పాత రంధ్రాల్లోంచే కుట్టమనండి. కొత్త రంధ్రాలు ఎక్కువైతే తోలు అక్కడే చిరుగుతుంది.

మరొకరి సమాధానం:

డబ్బు ఇబ్బందే అయితే కుడి షూకి సోల్ కూడా ఇంట్లోనే వేసుకోవచ్చు కదా? క్లైంబింగ్ రబ్బరు షీట్లు 4 మిల్లీమీటర్ల మందంలో విడిగా దొరుకుతాయి. నేను నా పాత జతకి వేసుకున్నాను, ఇంకా నిలిచే ఉంది. హెయిర్ డ్రయర్‌తో పాత సోల్‌ని వేడి చేసి, అరికాలి మధ్య నుంచి వేళ్ల వైపుకి పట్టకారుతో మెల్లగా లాగాలి. ముందు సగమే మార్చితే చాలు. కలిసేచోట పాతదాన్నీ కొత్తదాన్నీ ఏటవాలుగా కోస్తే అతుకు మెట్టులా తగలదు. కొత్త ముక్కను చుట్టూ కొంచెం పెద్దగా కోసి అంటించి, జిగురు గట్టిపడ్డాక మిగిలింది కోసేయాలి. కత్తిని నీళ్లతో తడుపుతూ కోస్తే రబ్బరు చక్కగా తెగుతుంది.

సమాధానం (బూట్లకు సోల్ వేసే పని తెలిసిన ఒకరు):

పైన చెప్పిన పద్ధతి సరైనదే. బల్లపరుపుగా ఉండే షూకి, ర్యాండ్ బాగున్నప్పుడు, ఓపిక ఉంటే ఇంట్లో వేసుకోవచ్చు. వీరి షూకి మాత్రం నేను వద్దంటాను. కారణం చెబుతాను. ర్యాండ్ కింది అంచు సోల్ కిందికి మడిచి ఉంటుంది. పాత సోల్ లాగుతుంటే ఆ అంచు దానితో పాటు వచ్చేస్తుంది. బొటనవేలి దగ్గర ఇప్పటికే పల్చబడిన ర్యాండ్ అక్కడే చిరుగుతుంది. వేడి ఎక్కువైతే ర్యాండ్‌ని పట్టి ఉంచిన జిగురు కూడా వదిలేస్తుంది, తోలు ముడుచుకుంటుంది. మేము షూ లోపల కాలి ఆకారపు అచ్చు పెట్టి పనిచేస్తాం. ఇంట్లో అది ఉండదు. గుడ్డలు కుక్కి చేస్తే ముందుభాగం వంకర పోతుంది. వేళ్ల వైపు కిందికి వంగి ఉండే షూ అయితే ఆ ఆకారం తిరిగి రాదు.

వీరికి కావలసింది సోల్‌తో పాటు బొటనవేలి మీద కొత్త ర్యాండ్ ముక్క. దాన్ని సోల్ తీసి ఉన్నప్పుడే వేయాలి, అప్పుడే దాని అంచు కింద ఇమిడి ఉంటుంది. ఉన్న సోల్ మీదుగా పైపైన అతికించిన ముక్క రాతి అంచుకి తగిలి లేచిపోతుంది. అందుకని రెండు పనులూ ఒకేసారి చేయించుకోండి. ఇవాళ సోల్, తర్వాతెప్పుడో ర్యాండ్ అంటే సోల్ డబ్బు రెండుసార్లు పెట్టినట్టవుతుంది. ముందు సగం సోల్ మాత్రమే చాలని, కుడి షూ ఒక్కటే అని అడిగి చూడండి. కొందరు జతగానే చేస్తారు, కొందరు ఒప్పుకుంటారు. షూ ఇచ్చే ముందు శుభ్రంగా తుడిచి ఆరబెట్టి ఇస్తే మాకు ఎంతో మేలు.

యురెథేన్ జిగురు పూసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చని ఎవరైనా చెబుతారు. బయటికి ఎక్కడికో వెళ్లినప్పుడు సూదిబెజ్జమంత చిల్లి మూయడానికి అది పనికొస్తుంది. కానీ అది రబ్బరంత పట్టు ఇవ్వదు, జారుతుంది. పైగా తర్వాత సోల్ వేసేవాళ్లు దాన్నంతా అరగదీయాలి. ఎలాగూ బాగుచేయిద్దామనుకుంటున్నారు కాబట్టి పూయకండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. అయితే ఎడమ షూ, పట్టీ ఈ వారం చూసుకుంటాను. కుడి షూకి డబ్బు కూడేదాకా పక్కన పెడతాను. చివరిగా ఒక్కటి: రెండు షూలూ ఒకేలా వాడాను, కుడి బొటనవేలే ఇంత అరిగిందెందుకు?

సమాధానం (మొదట జవాబిచ్చినవారు):

కుడికాలు పైకి తీసేటప్పుడు వేలిని గోడకి రాసుకుంటూ తీస్తూ ఉండవచ్చు. జిమ్ గోడలకు గరుకు పూత ఉంటుంది, దానికి రబ్బరు ఇట్టే అరుగుతుంది. స్నేహితుల్ని పక్కనుంచి వీడియో తీయమనండి, తెలిసిపోతుంది. కాలు గోడ మీద మోపే చోట ఆనేదాకా చూపు అక్కడి నుంచి తిప్పకండి. పెట్టాక జరపకుండా, చప్పుడు కాకుండా పెట్టడం అలవాటు చేసుకోండి. తేలికైన దారుల మీద వార్మప్ చేసేటప్పుడే ఇది సాధన చేయాలి, కష్టమైన చోట గుర్తు రాదు. ఎక్కడం అయ్యాక షూ విప్పేసి చెప్పులేసుకుని తిరగండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం షూ వదలకండి, ఆ వేడికి మీరు ఇప్పుడు వేయబోయే జిగురే మళ్లీ మెత్తబడుతుంది.